కలం స్నేహం చైనీస్ కోసమైతే చైనీస్‌లోనే రాయాలి

మా పెద్దమ్మ కూతురు పూణేలో డిగ్రీ చదువుతూ, రెండేళ్లుగా సాయంత్రం క్లాసుల్లో చైనీస్ నేర్చుకుంటోంది. కిందటేడు వాళ్ల క్లాసుకి చైనాలోని ఒక కాలేజీ విద్యార్థులతో కలం స్నేహం కుదిరింది. దీపావళికి సోలాపూర్ వచ్చినప్పుడు అక్క ఆ ఉత్తరాలు నాకు చూపించింది. మొత్తం నాలుగు. రెండు అక్కడినుంచి వచ్చినవి, రెండు తను రాసినవాటి నకళ్లు. నాలుగూ ఇంగ్లీషులోనే ఉన్నాయి!

"ఇందులో చైనీస్ ఏదక్కా?" అని అడిగాను.

"ఆ అమ్మాయికి ఇంగ్లీష్ ప్రాక్టీస్ కావాలంట రా. నాకేమో చైనీస్‌లో తప్పులు పోతాయని భయం. అందుకే నేనూ ఇంగ్లీషులోనే రాసేశాను" అంది.

ఐదో ఉత్తరం ఎవరూ రాయలేదు.

ఇలాంటి కలం స్నేహాలు కుదిర్చే పెద్దలతో నా పోట్లాట ఇక్కడే. చిరునామాలు ఇచ్చి "రాసుకోండి" అంటే సరిపోదు. నియమం లేకపోతే ఇద్దరికీ ఏది సులువో ఆ భాషే గెలుస్తుంది. చైనీస్ కోసం మొదలైంది ఇంగ్లీష్ క్లాసు అయిపోతుంది.

మన సంగతే చూడండి. నాకు మరాఠీ పుస్తకం నేర్పలేదు. మా గల్లీలో క్రికెట్ ఆడేవాళ్లు నేర్పారు. నేను తప్పు మాట్లాడితే నవ్వేవాళ్లు, కానీ జవాబు ఇచ్చేవాళ్లు. జవాబు కోసం ఎదురుచూసే మనిషి ఉంటేనే భాష వస్తుంది. పూణేలో చైనీస్ నేర్చుకునేవాళ్లకి అలాంటి గల్లీ లేదు. వాళ్లకి ఉత్తరమే గల్లీ. అక్కడ కూడా ఇంగ్లీషే ఉంటే ఇంకెక్కడ నేర్చుకోవాలి?

"ఫోన్ ఉండగా ఉత్తరాలెందుకు? అది క్షణంలో అనువాదం చేస్తుంది కదా" అని కొందరు అంటారు. చైనీస్ విషయంలో ఈ మాట అస్సలు చెల్లదు. మనకి అక్షరాలు యాభై ఆరు. చైనా ప్రభుత్వం 1988లో ఇచ్చిన వాడుక అక్షరాల పట్టికలో 3,500 ఉన్నాయి. ఫోన్‌లో అయితే శబ్దాన్ని రోమన్ అక్షరాల్లో కొడితే చాలు, గుర్తులు అదే చూపిస్తుంది, మనం ఒకటి ఎంచుకుంటాం. చేతికి పనే లేదు. అందుకే చైనా వాళ్లలోనే చాలామంది అక్షరం గుర్తుపడతారు గానీ రాయలేకపోతున్నారు. దీనికి వాళ్ల భాషలో ఒక మాటే పుట్టింది: కలం ఎత్తితే అక్షరం మరుపు. పుట్టినప్పటినుంచి ఆ భాషలో ఉన్నవాళ్లకే ఇలా అయితే, నేర్చుకునేవాళ్ల గతి ఏంటి? కాగితం మీద చేత్తో రాయాల్సిందే.

ఇంకో అభ్యంతరం పెద్దది. అది మా పెద్దనాన్నది. "గల్వాన్‌లో మనవాళ్లని చంపిన దేశం అది. వాళ్లకి ఉత్తరాలేంటి?" అంటాడు. 2020 జూన్‌లో అక్కడ మన సైనికులు 20 మంది చనిపోయారు. వాళ్ల నాయకుడు కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట వాడు, మన తెలుగువాడు. పెద్దనాన్న కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ మన సైన్యమే తన అధికారులకి చైనీస్ నేర్పిస్తోంది. ఎదుటివాడి మాట తెలియకపోతే సరిహద్దులో చర్చలు కూడా జరగవు. అయినా మా అక్క రాసేది ఒక కాలేజీ అమ్మాయికి. ఆ అమ్మాయి గల్వాన్‌లో లేదు.

ఫ్రాన్స్, జర్మనీ 1870 నుంచి 1945 లోపు మూడుసార్లు యుద్ధం చేసుకున్నాయి. 1963లో ఒప్పందం చేసుకుని, రెండు దేశాల యువకులు ఒకరినొకరు కలవడానికి ఒక సంస్థనే పెట్టుకున్నాయి. వాళ్ల మధ్య పెరిగిన భాషా పద్ధతే టాండెం. టాండెం అంటే ఇద్దరు కలిసి తొక్కే సైకిలు. సగం సమయం నీ భాష, సగం సమయం నా భాష. ఒకరే తొక్కితే కుదరదు.

అంతదూరం ఎందుకు, మన ఊరి డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ లేడా? 1910లో సోలాపూర్‌లో పుట్టి, 1938లో జపాన్ దాడిలో గాయపడ్డవాళ్లకి వైద్యం చేయడానికి చైనా వెళ్లిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో ఒకడు. అక్కడ చైనీస్ నేర్చుకున్నాడు, అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు, 1942లో అక్కడే చనిపోయాడు. ఆయన ఇంటిని మనం స్మారకంగా ఉంచుకున్నాం. షిజియాజువాంగ్‌లో వాళ్లు ఆయన విగ్రహం పెట్టుకున్నారు. ఆయన ఊళ్లో ఉంటూ చైనీస్‌లో ఉత్తరం రాయడం తప్పని ఎలా అంటాం?

అందుకని నేను అడిగేది నాలుగే నియమాలు.

ఒకటి, ప్రతి ఉత్తరంలో సగం తను నేర్చుకునే భాష, సగం ఎదుటివాళ్లు నేర్చుకునే భాష. అక్క సగం చైనీస్‌లో రాయాలి. ఆ అమ్మాయికి ఇంగ్లీష్ కావాలంటే మిగతా సగం ఇంగ్లీషులో ఉండొచ్చు. పీకింగ్ విశ్వవిద్యాలయంలో ఎన్నో దశాబ్దాలుగా హిందీ నేర్పుతున్నారు. అలాంటి విద్యార్థి దొరికితే సగం హిందీ. అప్పుడు మధ్యలో ఇంగ్లీష్ అవసరమే లేదు.

రెండు, వచ్చిన ఉత్తరంలో ఐదు తప్పులు దిద్ది, జవాబుతో పాటు పంపాలి. ఐదు చాలు. మొత్తం ఎర్ర సిరాతో నింపితే మళ్లీ ఎవరు రాస్తారు?

మూడు, ఏ లిపి నేర్చుకుంటున్నారో ముందే చూసి జోడీ కుదర్చాలి. చైనాలో, సింగపూర్‌లో సులభం చేసిన లిపి. తైవాన్‌లో, హాంకాంగ్‌లో పాత లిపి. ఇది చూడకపోతే మొదటి ఉత్తరమే చదవలేక పక్కన పెట్టేస్తారు.

నాలుగు, ఇది తల్లిదండ్రుల కోసం. ఉత్తరాలు కాలేజీ లేదా బడి చిరునామాకే రావాలి. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు రాయకూడదు.

ఇవి పెడితే పని పెరుగుతుందని మాస్టార్లు అంటారేమో. నిజమే, పెరుగుతుంది. కానీ ఊరికే పేర్లు పంచిపెట్టి, ఫోటో దిగి వదిలేస్తే నాలుగు ఉత్తరాలకే అంతా ఆగిపోతుంది. మా ఇంట్లోనే చూశాం కదా.

మొన్న అక్కకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "నీకేం తెలుసు రా, అందులో రాయడం ఎంత కష్టమో" అంది. తెలియదు. కానీ సిద్ధేశ్వర్ జాతర గురించి ఆ అమ్మాయికి చెప్పాలని అక్కకి ఎంత ఆశో నాకు తెలుసు. "నాలుగు వాక్యాలు రాయక్కా, తప్పులుంటే ఆ అమ్మాయే దిద్దుతుంది" అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "జాతరని చైనీస్‌లో ఏమంటారో చూడాలి" అంది.

ఐదో ఉత్తరం అక్కడ మొదలవ్వాలి.