గృహశిక్షణము: పిల్లల కట్టుడు దిమ్మలు



బొమ్మరిల్లు అను మాట మన తెనుగున ఎంత పాతదో, పిల్లలకు ఇండ్లు కట్టు వేడుకయు అంత పాతది. తడియిసుకలో పాదముంచి, పైన ఇసుక మెత్తి, మెల్లగా పాదము వెనుకకు తీసి పిచ్చుకగూడు కట్టని బాలిక మన తరమున అరుదు. నేటి పట్టణముల ఇండ్లలో ఇసుకయు లేదు, పెరడును లేదు. కావున ఆ వేడుకకు బజారులో బిల్డింగు బ్లాకులని యమ్ము దిమ్మలే దిక్కైనవి.

ఏ దిమ్మలు కొనవలయునని యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. అయిదేండ్ల కుమారునికి దిమ్మలపెట్టె కొనదలచితిమనియు, మూడేండ్ల అమ్మాయికి లక్కపిడతలు ముందే కొని యుంచితిమనియు, కుమారునికి తగినవి తెలుపవలసినదనియు దాని సారాంశము. ఈ నెల దానికే ప్రత్యుత్తరము. కుమారుని సంగతి ముందు చెప్పి, అమ్మాయి సంగతి పిదప చెప్పెదము.

దిమ్మలు కొనునపుడు మొదట చూడవలసినది ఆట యెవరు ఆడుచున్నారన్నది. మీట నొక్కిన వెలిగి కూయు బొమ్మలో పనియంతయు బొమ్మయే చేయును. బిడ్డ ప్రేక్షకుడు మాత్రమే. పెట్టెమూతపై నొక కోట పటము వేసి, ఆ కోట తప్ప మరియొకటి కట్టుటకు వీలులేని సామాగ్రియు నట్టిదే. కట్టిన దినమున సంబరము, మరునాటి నుండి అద్దాలబీరువాలో నివాసము. సాదా దిమ్మ అట్లుగాదు. అది నేడు గుడి, రేపు రైలుబండి, ఎల్లుండి నూతిగట్టు. బొమ్మ చేయు పని తగ్గినకొలది బిడ్డ చేయు పని పెరుగును.

రెండవది కొలత. ఇదియే ముఖ్యము. ఒక దిమ్మకును మరియొక దిమ్మకును లెక్క కుదరవలయును. జర్మనీ దేశస్థుడైన ఫ్రోబెల్ 1837లో శిశువులకై యొక విద్యాలయము పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరిడెను. ఆయన బిడ్డల చేతికిచ్చిన వస్తువులలో నొకటి ఎనిమిది సమానమైన చిన్న ఘనములుగా విడిపోవు కొయ్యఘనము. తరువాత అమెరికాలో కారొలీన్ ప్రాట్ అను ఉపాధ్యాయిని రూపొందించిన దిమ్మ నేటికిని అనేక శిశువిద్యాలయములలో నున్నది. దాని మందము ఒక వంతు, వెడల్పు రెండు వంతులు, పొడవు నాలుగు వంతులు. అనగా సుమారు 3.5, 7, 14 సెంటీమీటరులు. మన హరప్పా నగరముల ఇటుకలు 7, 14, 28 సెంటీమీటరుల కొలతతో సరిగా ఈ నిష్పత్తిలోనే యుండుట చూచి మేము మిగుల సంతోషించితిమి. నాలుగువేల యేండ్లకు పూర్వము మేస్త్రీకి అనుకూలమైన కొలతయే నేడు శిశువునకును అనుకూలమైనది.

మా తండ్రిగారు ఇంటివద్ద మాకు సంస్కృతము చెప్పునపుడు శుల్బసూత్రముల ప్రసంగము వచ్చెడిది. యజ్ఞమునకు గ్రద్దయాకారమున శ్యేనచితి పేర్చుటలో వరుసకు 200 ఇటుకల చొప్పున అయిదు వరుసలు, వెరసి 1000 ఇటుకలు. క్రింది వరుస యతుకుపై మీది వరుస యతుకు పడరాదని నియమము. అతుకుపై నతుకు పడిన గోడ చీలునని ఇప్పటి మేస్త్రీకిని తెలియును. మీ బిడ్డ ఈ నియమమును ఏ సూత్రము చదువకయే కనుగొనును. గోడ రెండు మూడు మారులు చీలి కూలిన పిదప, తానే ఒక దిమ్మను నడిమికి జరిపి పెట్టును. మా వారు బడిలో భిన్నములు చెప్పుచుందురు. సగము దిమ్మలు రెండు కలిసిన నిండుదిమ్మ యగునని చేతితో నెరిగిన బాలునికి అరయన నేమో నల్లబల్లపై వేరుగా విశదీకరింప బనిలేదని వారి యనుభవము.

ఇట్టి దిమ్మలు కొనుట భారమైనచో వడ్రంగిచేత చేయించుకొనవచ్చును. కఱ్ఱల అడితిలో మిగిలిన టేకు తునకలు చాలును. పై కొలతగల నిండుదిమ్మలు ఇరువది, అందు సగము పొడవుగలవి పది, రెట్టింపు పొడవుగలవి ఎనిమిది, నిండుదిమ్మను నిలువున రెండుగా చీల్చిన స్తంభములు ఎనిమిది, మూలకు మూల కోసిన త్రికోణములు నాలుగు చేయింపుడు. రకములు తక్కువగను, ఒక్కొక్క రకమున సంఖ్య ఎక్కువగను ఉండవలయును. పది యాకారముల దిమ్మలు ఒక్కొక్కటి యున్న ఏ గోడయు లేవదు. అంచులు మొద్దువారునట్లు ఉప్పుకాగితముతో బాగుగా రుద్దింపుడు. రంగు వేయింపనక్కరలేదు, రంగు కావలెనన్న ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను గుండ్రముగా చెక్కి లక్క పూసిన బొమ్మలు నాలుగు కొని కలిపిన, గోపురములకును మనుష్యులకును పనికివచ్చును.

ఇక వయస్సు. ఏడాది దాటిన శిశువు దిమ్మలను మోయును, పడవేయును, రెండు మూడు ఒకదానిపై నొకటి నిలుపును. వానికి బరువులేని పెద్ద దిమ్మలు ఆరేడు చాలును; టేకుదిమ్మ కాలిపై బడిన నొప్పి చేయును. రెండేండ్లకు ఆరేడింటిని పేర్చును. మూడేండ్లకు రెండు దిమ్మలను ఎడముగా నిలిపి, మూడవదానిని పైన వేసి వంతెన కట్టును. ఆ దినమున గమనించి మెచ్చుకొనుడు. అది చిన్న సంగతి గాదు. పిదప చుట్టుగోడలు, దొడ్లు, ఎదురెదురుగా ఒకే పోలిక గల మేడలు వచ్చును. కట్టకముందే ఇది స్టేషనని పేరు పెట్టి కట్టుట నాలుగైదేండ్ల పని.

ఒకదానిలో నొకటి బిగియు ప్లాస్టికు దిమ్మలు చెడ్డవని మేమనము. డెన్మార్కులో 1932 నుండి కొయ్యబొమ్మలు చేసిన ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ స్థాపించిన లెగో సంస్థ 1958లో పేటెంటు పొందిన దిమ్మ, నేటి దిమ్మతోను బిగియును. కొలత తప్పకుండుటయే దాని గొప్ప. అన్న యాడినవి తమ్మునికి, తల్లి యాడినవి బిడ్డకు పనికివచ్చును. అయితే ఆ చిన్న తునకలు అయిదేండ్ల వారికి. అంతకు చిన్నవారికి అన్ని ప్రక్కల రెట్టింపు కొలతగల డూప్లో వంటివే ఇయ్యవలయును.

భద్రత విషయమున మొగమాటము కూడదు. మూడేండ్లలోపు పిల్లలు ప్రతిదియు నోటబెట్టుకొందురు. నోటిలో నిముడు ఏ తునకయు వారి యెదుట నుండరాదు. అయస్కాంతములతో అంటుకొను దిమ్మల విషయమున మరింత జాగ్రత్త వలయును. పగిలిన దిమ్మలోని అయస్కాంతములు రెండు మ్రింగిన, అవి ప్రేగుల నడుమ నొకదాని నొకటి యాకర్షించి చిల్లుపరచును. అట్లు మ్రింగెనని యనుమానము కలిగిన మాత్రమున ఆస్పత్రికి పోవలయునే గాని, విరేచనమునకై వేచియుండరాదు. 2021 జనవరి నుండి మన దేశమున అమ్ము ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి, హస్తకళాకారులుగా నమోదైనవారి బొమ్మలకు దీనినుండి మినహాయింపు గలదు. ఆ గుర్తును, వయస్సు వ్రాతను చూచియే కొనుడు.

కొన్న పిదప తల్లి చేయవలసిన పని మిక్కిలి తక్కువ. మీరు కట్టి చూపకుడు; మీ మేడ యెదుట బిడ్డ గూడు చిన్నబోవును. కూలిన నవ్వకుడు. భోజనమునకు పిలువవలసినపుడు కాసేపు ముందుగా హెచ్చరింపుడు. చోటున్న ఇంట ఒక మూల కట్టడమును తెల్లవారువరకు ఉంచనిండు. ఎత్తునపుడు పొడుగువి పొడుగువానితో, పొట్టివి పొట్టివానితో నలమారలో పేర్పింపుడు, అదియు పాఠమే.

ఇక అమ్మాయి సంగతి. మూడేండ్ల బిడ్డ వంతెన కట్టు వయస్సున నున్నదని పైన వ్రాసితిమి. సరిగా ఆ వయస్సుననే మనము ఆమె చేత లక్కపిడతలు పెట్టి, దిమ్మలు అన్న కిచ్చుచున్నాము. వంటయాట మంచిదే, అన్నయు నాడవలసినదే. కాని వస్తువుల యాకారమును మనసున త్రిప్పి చూచు నేర్పు అభ్యాసముచే పెరుగునని నేటి పరిశోధనలు తెల్పుచున్నవి. అభ్యాసము లేకుండ పెంచి, పెద్దదైన పిదప ఆడువారికి గణితము రాదనుట న్యాయమా?

పదునెనిమిదవ యేట వైధవ్యము పొంది, ఒడిలో పసిబిడ్డతో మిగిలిన అయ్యలసోమయాజుల లలిత 1943లో గిండీ కళాశాలనుండి ఇంజనీరై వెలువడెను. చీనాబు నదిపై 359 మీటరుల యెత్తున కట్టి 2025 జూనులో ప్రారంభించిన రైలువంతెనకు, కొండవాలుల నిలుకడ విషయమున ఏండ్ల తరబడి సలహాదారుగా పనిచేసినది ప్రకాశం జిల్లా ఆడపడుచు, ఆచార్య గాలి మాధవీలత. ప్రతి బాలికయు ఇంజనీరు కావలెనని మా యాశయము గాదు. కాగల బాలికకు దారి మన ఇంటనే మూయరాదని మాత్రమే మా మనవి.

ఆడపిల్లకు మేడలేల యని పెద్దలన్న వారితో వాదింప బనిలేదు. దిమ్మలను ఇద్దరి నడుమ పోసి మీ పని చూచుకొనుడు. ఒకటి గమనింపుడు. కలిసి యాడునపుడు అన్న కట్టుటయు, చెల్లెలు అందించుటయు అలవాటగును. అందించుట ఆట గాదు. దిమ్మలను సమముగా పంచి, ఎవరిది వారిని కట్టనిండు. పిదప కలిసి కట్టిన మరియు మంచిది. రెండు పెట్టెలు కొన శక్తి లేకున్న ఒకటియే కొనుడు, కాని దానిపై కుమారుని పేరొక్కటియే వ్రాయకుడు.

వచ్చు నెల, వానదినములలో ఇంట పిల్లలకు కాలక్షేపము కల్పించు విధమును గూర్చి ముచ్చటింతము.