కొండపల్లి బొమ్మకి బేరం, జపాన్ బొమ్మకి సలాం

సంక్రాంతి బొమ్మల కొలువులో వినైల్ బొమ్మ పెట్టొచ్చా? ఈ ప్రశ్న మా తోట్లవల్లూరు దాకా వచ్చేసిందండీ. డిగ్రీ చదివే మా అమ్మాయి, పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుల్లోంచి 2,600 రూపాయలు పెట్టి అరచేతిలో పట్టేంత జపాన్ బొమ్మని తెప్పించుకుంది. ఆకుపచ్చ ఒళ్లు, వీపున తాబేలు డిప్ప, నెత్తిన నీళ్ల పళ్లెం. "దేవుళ్ల పక్కన ఈ భూతమేంటే?" అని మా అత్తగారు. "డబ్బులు దండగ" అని మా వారు. నేను మాత్రం పిల్ల పక్షమే.

దాని పేరు కప్పా. మన కప్ప కాదు లెండి! జపాన్ జానపద కథల్లో నదుల్లో ఉండే భూతం. నెత్తిమీది నీళ్లు ఒలికిపోతే దాని బలమూ పోతుందట, దోసకాయలంటే ప్రాణమట. పిల్లలు లోతు నీళ్లలోకి దిగకుండా పెద్దవాళ్లు ఈ కథలు చెప్పి భయపెట్టేవారు. కృష్ణ ఒడ్డున పిల్లల్ని పెంచుకున్న మనకి ఆ భయం ఒకరు చెప్పాలా?

ఇలాంటి వినైల్ బొమ్మల్ని అక్కడ సోఫుబి అంటారు. లోహపు అచ్చులో ద్రవ వినైల్ పోసి, వేడి చేసి, చల్లారకముందే బొమ్మని చేత్తో బయటికి లాగుతారు. ఆ పైన రంగులు. అచ్చంగా యంత్రాల పనేమీ కాదు. మొక్కుకున్నప్పుడు ఒక కన్ను, మొక్కు తీరాక రెండో కన్ను దిద్దే దరుమా బొమ్మ, చెయ్యెత్తి పిలిచే మనెకి నెకో పిల్లి... ఇలా అమ్మమ్మల కాలం నాటి రూపాలన్నీ కొత్త వేషం కట్టుకుని కుర్రకారు చేతుల్లోకి వచ్చేశాయి.

మరి మన కొండపల్లి బొమ్మ మాటేమిటి? తెల్ల పొణికి కర్రని ఆరబెట్టాలి. కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కాలి. చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతకాలి. ఆపైన సున్నం పూసి, సన్నటి కుంచెతో రంగులు దిద్దాలి. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. విజయవాడ దాటితే కొండపల్లి ఎంత దూరమని! అయినా అక్కడికెళ్లి మనం చేసే పనేమిటి? పోయిన వేసవిలో ఖిల్లా చూడ్డానికి వెళ్లినప్పుడు మా చుట్టాలావిడ 450 చెప్పిన ఎడ్లబండిని 200కి అడిగింది. ఆవిడే వాళ్ల మనవడి ప్లాస్టిక్ రోబోకి అంటించిన రేటు చూసి కిక్కురుమనకుండా ఇచ్చి వచ్చింది.

జపాన్ బొమ్మ చేసినవాళ్ల పేరేమిటో మా అమ్మాయికి తెలుసు. మన షోకేసులో ఇరవై ఏళ్లుగా ఉన్న అంబారీ ఏనుగుని చెక్కినాయన పేరు ఇంట్లో ఒక్కరికీ తెలియదు. నన్ను బాధపెట్టేది ప్లాస్టిక్ కాదండీ, ఈ తేడా.

"అయితే మన బొమ్మల్నీ వినైల్లో పోద్దామా?" అంటారేమో. వద్దు. పొణికి కర్ర మట్టిలో కలుస్తుంది, వినైల్ కలవదు. మారాల్సింది కర్ర కాదు, ఊహ. ఏటికొప్పాకలో అంకుడు కర్రకి సహజమైన రంగులు తిరిగి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అంటే పాత పనికి కొత్త ప్రాణం పోయొచ్చన్నమాటే కదా! పసుపు ఉడకబెట్టే ఆడవాళ్లు, లంకల్లోకి వెళ్లే పడవ, చెరకు ట్రాక్టరు... మన చుట్టూ ఇన్ని బొమ్మలుంటే దశావతారాల దగ్గరే ఎందుకు ఆగాలి? అడిగేవాళ్లుంటే చెక్కేవాళ్లుండరా?

ఇక మా అత్తగారి అభ్యంతరం. కొలువులో అన్నీ దేవుళ్లే ఎప్పుడున్నాయి చెప్పండి? చెట్టియారు దంపతులు, పింగాణీ కుక్కపిల్ల, తుపాకీ సిపాయి, కీ ఇస్తే తిరిగే రైలు అన్నీ మెట్లెక్కినవే. లక్కపిడతల పక్కన కప్పా కూర్చుంటే కొలువుకి వచ్చిన లోటేమీ లేదు. పిల్లలు ఆగి, "ఇదేంటి పిన్నీ?" అని అడుగుతారు. ఆ కథ చెప్పాక, పక్కనున్న తాటిచెట్టు బొమ్మ కథ కూడా చెప్పొచ్చు.

ఈ సంక్రాంతికి కొండపల్లి వెళ్లేవాళ్లకి నాదో మనవి. చెప్పిన ధర ఇవ్వండి. చేసినవారి పేరు అడిగి బొమ్మ అడుగున రాసుకోండి. అద్దాల బీరువాలో పెట్టి తాళం వెయ్యకుండా పిల్లల చేతికివ్వండి. చెయ్యి విరిగితే విరుగుతుంది, మక్కుతో అతుక్కుంటుంది. పిల్లల చేతుల్లో పడని బొమ్మని మాత్రం ఏ ప్రభుత్వమూ బతికించలేదు.