పేరు చెప్పితే నీరు తేరునా?

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు అమెరికా నుంచి యానాం వచ్చినాడు. అక్కడ సెలవు దినాలలో ఇంట్లోనే బీరు కాచుకొనే అలవాటు అతనికి ఉన్నది. ఆ దేశపు కేంద్ర ప్రభుత్వం 1978 నాటి శాసనంతో దీనిని అనుమతించింది. మన దేశంలో అనుమతి లేకుండా చేస్తే నేరం. పానాన్ని ప్రశంసించడం నా ఉద్దేశం కాదు. చౌక మద్యం వలన మా ఊరికి వచ్చిన పేరు ఎటువంటిదో ఇరుగుపొరుగు ఊళ్ల ఉపాధ్యాయులందరికీ తెలుసు. అయితే అతడు చెప్పిన చిక్కు మాత్రం బడిలో చెప్పుకోదగినది.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీట నానబెట్టి తీపి రసం దించుతారు. హాప్ అనే తీగ పూగుత్తులను అందులో వేసి సుమారు గంటసేపు కాస్తారు. చేదు, సువాసన, నిలవగుణం వాటి వలన వస్తాయి. కాగేటప్పుడు గింజలోని మాంసకృత్తులు విరిగి ముద్ద కడతాయి; చల్లార్చినప్పుడు మరికొంత విరుగుతుంది. ఈ విరుగుడూ, హాప్ పిప్పీ కలిసి అడుగున బురదవలె చేరుతాయి. రసాన్ని పులియబెట్టే పాత్రలోకి వంపేటప్పుడు ఈ మడ్డి మితిమీరి పోతే రుచి చెడుతుంది. తరువాతి కాపుకు ఈస్టును శుభ్రంగా తీసుకోవడమూ కష్టమే. మా వాడు జల్లెడ పట్టినాడు. పిప్పి అడ్డుపడి జల్లెడ మూసుకుపోయింది.

“ఏం చేయమంటావు మామయ్యా?” అని అతడు నన్ను అడిగినాడు. జవాబు మా అక్క చెప్పింది. “దించగానే వంపితే మడ్డి రాక ఏమవుతుందిరా? తేరనియ్యి. కదపకుండా పైది వంచుకో. అడుగుది ఆశపడక పారబొయ్యి.”

అక్కకు బీరు సంగతి తెలియదు. మా అమ్మ నీటి కుండ సంగతి తెలుసు. మా చిన్నతనంలో వానకాలం వచ్చిందంటే గౌతమి నీరు ఎర్రబారేది. అమ్మ చిల్లగింజను అరగదీసి ఆ నీట కలిపి, కుండ మీద మూత పెట్టి, తెల్లవారేదాకా ఎవరినీ తాకనిచ్చేది కాదు. చిల్లగింజలోని పదార్థం సన్నని మట్టి రేణువులను ఒకదానితో ఒకటి అతికించి బరువెక్కిస్తుంది. అందువలన అవి దిగుతాయి. బీరు కాచేవారు ఇదే పనికి కాపు చివర ఒక జాతి సముద్రపు నాచును వేస్తారు. మన వైద్యుల అరిష్టాలలోనూ ఇదే వరుస: కషాయం కాచి, వడగట్టి, ఆ తరువాతనే బెల్లమూ ధాతకీ పుష్పాలూ చేర్చి కుండకు వాసెన కడతారు. కుండలో ఏది ఉండవలెనో దానిని ఎరిగి వేయడం వేరు, ఏది పోవలెనో దానిని ఏమరుపాటున పోనివ్వడం వేరు.

మేనల్లుడు మరొక ఉపాయం చెప్పినాడు. రసాన్ని గరిటెతో గుండ్రంగా తిప్పి, మూతపెట్టి, పావుగంట ఆగితే మడ్డి అంతా నడుమ కుప్పపడుతుందట. అంచు నుంచి తేటను దించుకోవచ్చునట. దీనికి కారణం ఉన్నది. అడుగుభాగం రాపిడికి అక్కడి నీటి వేగం తగ్గుతుంది. వేగం తగ్గిన నీటిని అంచున ఉన్న అధిక పీడనం నడుమకు నెడుతుంది. ఆ నీరు పిప్పిని వెంట తీసుకుపోతుంది. తేనీటి కప్పులో ఆకులు నడుమ చేరడాన్ని 1926లో ఐన్‌స్టీన్ ఇట్లాగే వివరించి, నదుల వంకరలకు కూడా దీనినే అన్వయించినాడు. నది వంపు తిరిగిన చోట ఒక గట్టు కోసుకుపోతుంది, ఎదుటి గట్టున మేట వేస్తుంది. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లవాడు రోజూ చూసే సంగతి గ్లాసులో కూడా కనబడుతుందన్నమాట.

ఒక హెచ్చరిక. తేటగా ఉన్నదంతా శుద్ధం కాదు. చిల్లగింజ మట్టిని దించవచ్చును గాని, దానిని నమ్మి నీరు కాచడం మానకూడదు. పులియడమూ, చెడడమూ రెండూ సూక్ష్మజీవుల పనులేనని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాశ్చర్ 1876లో బీరును గురించి వ్రాసిన గ్రంథంలో నిరూపించినాడు. చల్లారిన రసాన్ని మైలగుడ్డతో వడగడితే, పిప్పిని ఆపిన ఆ గుడ్డే చెరుపును తెచ్చిపెడుతుంది.

ఇక నా అభిప్రాయం. మా వీధిలో ఆరవ తరగతి చదివే బాలుడు ‘తేర్చుట’ నిర్వచనాన్ని తడుముకోకుండా అప్పజెప్పినాడు. బురదనీటి గ్లాసు చేతికిచ్చి తేర్చమన్నాను. వెంటనే మరొక గ్లాసులోకి వంపినాడు. మడ్డి అంతా కలిసి వచ్చింది. నిర్వచనంలో తప్పు లేదు. ఓర్పు చేతికి రాలేదు. మనుస్మృతిలో మనం అంగీకరించలేని మాటలు ఎన్నో ఉన్నవి. కాని ఆరవ అధ్యాయంలోని ఒక మాట ఉపాధ్యాయులకు శిరోధార్యం. చిల్లగింజ నీటిని తేర్చేదే అయినా, దాని పేరు పలికినంతనే నీరు తేరదని దాని భావం. మన తరగతి గదులలో ఇప్పుడు జరుగుతున్నది ఆ పేరు పలకడమే.

పాఠ్యాంశాలకే సమయం చాలడం లేదని కొందరంటారు. రెండు గ్లాసులు, కాలువ నీరు, చిటికెడు తేయాకు పొడి: ఇంతకన్నా సామగ్రి అక్కరలేదు. నీరు తేరేలోగా ఉపాధ్యాయుడు మరొక పాఠమే చెప్పుకోవచ్చును. ఆగడం, కదపకుండా వంచడం, అడుగుది విడిచిపెట్టడం విద్యార్థి తన చేతితో నేర్చుకోవలెను. దానికి మార్కులూ వేయవలెను. అడుగున ఉన్న ఒక్క గుక్కను వదులుకోలేనివానికి పైనున్న గ్లాసెడు నీరూ తేటగా దక్కదు.