అపరాధ పరిశోధకుల కథలు

నేరముల కథలు వినుటకు చెవియొగ్గని జనము ఏ దేశమునను లేదు. పఠనమందిరములలో వేదాంతగ్రంథములకు దుమ్ము పట్టుచుండును. అపరాధ పరిశోధన నవలలకు మాత్రము అట్టలు చినుగుచుండును. ఇక కల్పితము గాక నిజముగా జరిగిన నేరమును, దానిని దర్యాప్తు చేసిన యధికారియే తన నోట చెప్పుచుండగా వినుట మఱింత రుచికరము. ఉద్యోగము విరమించిన పోలీసు అధికారులు చిన్న చిన్న పట్టణములలో తాము పరిశోధించిన కేసులను వరుసగా చెప్పుట నేడు అమెరికా మొదలగు దేశములలో గొప్ప వినోదమైనది. మనదేశమునను ఆ యభిరుచి పెరుగుచున్నది. దీనిని కేవలము కాలక్షేపమని త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. ఏలయన, నేరకథను ప్రజలు ఎట్లు వినుటకు అలవాటుపడుదురో, తమ వీధిలో ఎవడైన ముద్దాయియైననాడు వానిని గూర్చి అట్లే తీర్పు చెప్పుదురు. కావున ఇట్టి కథ చెప్పువానికొక ధర్మమును, వినువానికొక ధర్మమును గలవు.

ఈ సంప్రదాయము క్రొత్తది కాదు. ఫ్రాన్సులో దొంగగా జీవితమారంభించి, దొంగలను పట్టు శాఖకే అధిపతియైన విడోక్ పేరిట స్మృతులు 1828లో వెలువడినవి. మన వంగదేశమున గిరీశచంద్ర వసు 1850 దశకములో నవద్వీప ప్రాంతమున దారోగాగా పనిచేసి, తన కాలపు దొంగలను, బందిపోట్లను గూర్చి వంగభాషలో వ్రాసెను. కలకత్తా పోలీసు శాఖలోని ప్రియనాథ ముఖోపాధ్యాయుడు 1892 మొదలుకొని "దారోగార్ దఫ్తర్" అను పేర తన కేసులను కథలుగా ప్రకటించెను. అవి రెండువందలకు పైగా నున్నవి. ఇట్టి రచనలవలన ఆనాటి సంఘము యొక్క చీకటిమూలలు మనకు గోచరించుచున్నవి. చరిత్రకారుడు రాజుల శాసనములలో చూడలేని దానిని దారోగా కాగితములలో చూడగలడు.

అయినను మహానగరపు నేరము వేఱు, చిన్న ఊరి నేరము వేఱు. నగరములో పరిశోధకునకు హంతకుడు ఎవడో తెలియదు. చిన్న ఊరిలో అందఱకును అంతయు తెలిసినట్లే యుండును. ఎవనికి ఎవనితో పొలముగట్టు తగవున్నదో, ఎవని యింట ఎవడు పనిచేసి మానివేసెనో, ఎవడు అప్పు ఎగవేసెనో ఊరంతకును ఎఱుకయే. అందుచేత నేరము జరిగిన మఱునాటి ఉదయమునకే ఊరిలో నేరస్థుడు సిద్ధముగా నుండును. "నిప్పు లేనిదే పొగ రాదు" అని యొకడును, గుమ్మడికాయల దొంగ యనగా భుజములు తడవికొన్నాడని మఱియొకడును సాక్ష్యమిచ్చుచుందురు. పరిశోధకుడును ఆ యూరి నీళ్లు త్రాగువాడే. ఈ వదంతుల నడుమ నిలిచి, తనకు తోచిన దానిని తనకు తెలిసిన దానినుండి వేఱుచేయగలుగుటయే వాని పనిలోని కష్టము. వాని కథకు విలువ గట్టవలసిన చోటు ఇదియే.

ఇందుకు మన దేశపు కేసునే యొకదానిని చూతము. 1897వ సంవత్సరమున వంగదేశములోని జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు కంఠము కోయబడి శయ్యపై పడియుండెను. ఇనుప పెట్టె తెఱవబడి సొమ్ము పోయియుండెను. అనుమానమునకు కొఱత లేదు. మేనేజరు కఠినుడు గనుక తోటకూలీలు చంపిరనిరి. వంటవాని బట్టలపై రక్తపు మరకలుండెను గనుక వాడే యనిరి. ఒక స్త్రీ బంధువులు పగబట్టిరనిరి. దాపున విడిసిన కాబూలీలపైకిని కొందఱు వ్రేలు చూపిరి. వంటవాడు తాను కూరకై పావురమును కోసినప్పుడు ఆ మరకలయినవని మొఱపెట్టుకొనెను. పెట్టెలోని కాగితములలో వంగభాషలో అచ్చయిన పంచాంగ మొకటి దొరకెను. దానిపై మాసిన రక్తపు ముద్ర యుండెను. ఆ సంవత్సరమే కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము ప్రతిష్ఠింపబడియుండెను. పంచాంగముపైని ముద్ర, లోగడ దొంగతనమునకు శిక్షపడి చెఱసాలకు పోయిన పాత నౌకరు కుడి బొటనవ్రేలి ముద్రతో సరిపోయెను. వానిని దూరపు జిల్లాలో పట్టుకొనిరి. వంటవాడు బ్రదికెను.

ఆ ముద్రలను వర్గీకరించు పద్ధతికి హెన్రీ దొరగారి పేరు పెట్టి లోకము వాడుకొనుచున్నది. గాని దానికి గణితమును కూర్చి పెట్టినవారు అజీజుల్ హక్, హేమచంద్ర వసు అను మనవారిరువురు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినను తప్పు లేదు. అయితే మేమీ కేసును ఎత్తుకొన్నది అందుకొఱకు కాదు. 1898లో విచారణ జరిగినప్పుడు న్యాయాధిపతి ఏమి చేసెను? ఆ ముద్రవలన ముద్దాయి పెట్టెను తెఱచి కాగితములు ముట్టుకొన్నాడని రుజువైనది. కాని కత్తి పట్టినవాడు వాడే యని చూచినవారు లేరు. కావున దొంగతనమునకు మాత్రమే శిక్ష విధించి, హత్యానేరమునుండి వదలివేసెను. ఈ కేసును స్వయముగా గ్రంథములో వ్రాసిన హెన్రీ ఆ తీర్పును దాచలేదు. "ఇంతవరకు తెలిసినది, ఇటుపైని తెలియలేదు" అను గీత యందు స్పష్టముగా నున్నది. ఆ గీత గలదు గనుకనే అది నమ్మదగిన కథ యైనది.

ఇక ఇంగ్లండు మాట. 1860 జూను నెలాఖరున రోడ్ అను గ్రామములో ఒక పెద్దమనిషి ఇంట నాలుగేండ్లు నిండని బాలుడు రాత్రివేళ హత్య చేయబడెను. స్థానిక పోలీసులు ఏమియు తేల్చలేకపోగా లండను నుండి స్కాట్లండు యార్డు ఇన్‌స్పెక్టరు జోనాథన్ విచర్ వచ్చెను. అతడు బాలుని సవతియక్కయైన పదునాఱేండ్ల కన్యను అనుమానించి నిర్బంధించెను. ఆధారము కనబడకుండ పోయిన ఒక రాత్రివస్త్రము మాత్రమే. సాక్ష్యము చాలదని ఆమెను విడిచిరి. తోటమాలి కొడుకు పెద్దింటి ఆడపడుచుపై నింద మోపినాడని దేశమంతయు అతనిని ఈసడించెను. స్థానిక పోలీసులు తమకు దొరకిన రక్తపు మరకల వస్త్రమొకదానిని పోగొట్టుకొని అతనికి చెప్పక దాచిన సంగతి తరువాత బయటపడినది. ఆరోగ్యము చెడి విచర్ 1864లో ఉద్యోగము విడిచెను. 1865లో ఆ యువతియే తాను చేసితినని ఒప్పుకొనెను. మరణశిక్ష యావజ్జీవముగా మార్పబడి 1885లో ఆమె విడుదలయ్యెను.

ఈ కథ విన్నవారందఱు "చూచితిరా! పరిశోధకుని ఊహయే నిజమైనది, న్యాయస్థానమే మోసపోయినది" అందురు. మేమట్లనము. అతని ఊహ నిజమైనను, ఆనాడు వస్త్రము లేక, సాక్షి లేక, ఊహనుబట్టి యొక బాలికను ఉరితీయుట న్యాయము కాజాలదు. అట్లే విడిచిపెట్టుట వలన లోకమునకు ప్రళయము రాలేదు. నిజము నిలకడమీద తెలియునని మన పెద్దలన్న మాట అక్కడ సార్థకమైనది. కాని ఉరికంబ మెక్కినవాని విషయమున ఆ నిలకడకు అవకాశ మేది?

నిలకడ లేనిచోట ఏమగునో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున బియాట్రిస్ అను చిన్న పట్టణము చెప్పగలదు. అచ్చటి జనము ఇంచుమించు పండ్రెండువేలు. 1985 ఫిబ్రవరిలో అఱువదియెనిమిదేండ్ల వృద్ధురాలొకతె తన గదిలో హతమయ్యెను. మొదట అనుమానింపబడినవాడొకడు రక్తపరీక్షలోని పొరపాటువలన తప్పించుకొనెను. ఏండ్లు గడచినను కేసు తేలలేదు. పోలీసు ఉద్యోగము మాని పందులను పెంచుకొనుచు, తనంత తాను ఈ కేసును వెంబడించిన యొకడు తరువాత జిల్లా షెరీఫు క్రింద అధికారియై, తన కథకు తగిన మనుష్యులను వెదకెను. 1989లో ఆర్గురు పట్టుబడిరి. దుర్బలమనస్కులైన వారిలో కొందఱు తమకేమియు జ్ఞాపకము లేదనగా, ఆ జ్ఞాపకము కలలలో వచ్చునని పోలీసువారి మనస్తత్త్వవైద్యుడు చెప్పెను. వచ్చినవి! అధికారి ప్రశ్నలలో ఏ కథ యున్నదో అదియే వారి కలలలోనికి వచ్చెను. నేరాంగీకారములు వ్రాయబడెను. ఆర్గురకును శిక్షలు పడెను. అందఱి చెఱయును కలిపిన డెబ్బది సంవత్సరములు మించును.

2008లో డి.ఎన్.ఏ. పరీక్ష చేయగా ఆ యార్గురిలో ఎవరును అచ్చట లేరని, మొదట అనుమానింపబడి 1992లోనే చనిపోయిన ఆ యొక్కడే నేరస్థుడని తేలినది. 2016లో జ్యూరీ ఆ జిల్లాపై రెండుకోట్ల యెనుబది లక్షల డాలర్ల నష్టపరిహారము విధించెను. ఆ భారమును భరించుటకు జిల్లా ప్రజలు తమ ఇండ్లపైని, పొలములపైని పన్ను హెచ్చించుకొనవలసివచ్చెను. నిర్దోషియై బయటపడిన తరువాతను ఒకామె, ఆ హత్యాదృశ్యము తన మనసునుండి పోలేదని చెప్పెనట! పాఠకులారా, ఇంతకంటె దారుణమేమున్నది? పోలీసువాని కథ ముద్దాయి జ్ఞాపకముగా మారిపోయినది. 1989లో ఆ కేసును ఎవరైన వేదికపై నుండి చెప్పియుండినచో, అది తెలివిగల పరిశోధకుని విజయగాథగనే యుండెడిది. విన్నవారు చప్పట్లు కొట్టియేయుందురు.

పరాయివారి తప్పులకు నవ్వుటకు మనకు అర్హత లేదు. "దెబ్బకు దయ్యమైనను వదలును" అను సామెత మన భాషలోనే పుట్టినది. చెన్నరాజధానిలో జరుగు చిత్రహింసలను విచారించిన సంఘము 1855లో ప్రకటించిన నివేదికను చదువువారికి ఒడలు గగుర్పొడుచును. పన్నులు రాబట్టుటకును, నేరములు ఒప్పించుటకును వ్రేళ్లను కఱ్ఱల నడుమ బిగించు కిట్టి మొదలగు సాధనములు మన తెలుగు జిల్లాలలోను వాడుకలో నుండినవి. పన్ను వసూలు చేయువాడును, దొంగను పట్టువాడును ఒక్కడేయైన కాలమది. పోలీసువానికి చెప్పిన నేరాంగీకారము ముద్దాయిపై చెల్లదని 1872 నాటి సాక్ష్యచట్టము 25వ సెక్షనులో విధించుటకు కారణము, పోలీసువాని యెడ ఇట్టి చేదు అనుభవమే. 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము తన 23వ సెక్షనులో ఆ నియమమునే నిలుపుకొన్నది. తెల్లదొరలు పోయినను, చట్టములు మాఱినను, ఈ యొక్క నియమమును తీసివేయుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. ఏల చాలలేదో మన ఠాణాలను ఎఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలోను దృశ్యమును, శబ్దమును నమోదుచేయు కెమెరాలు పెట్టవలెనని ఆజ్ఞాపించుటయు ఇందులకే.

మేము పోలీసులకు శత్రువులము కాము. రాత్రింబవళ్లు నిద్రాహారములు మాని, పైవారి ఒత్తిడికి, ఊరివారి నిందకు నడుమ నలిగి నిజమును వెదకు ఉద్యోగి నిశ్చయముగా గౌరవపాత్రుడు. అట్టివారు తమ యనుభవములను తెలుగున వ్రాయవలెనని, చెప్పవలెనని మేము కోరుచున్నాము. చిన్న ఊళ్లలో ఒక మహజరు ఎట్లు వ్రాయుదురో, ఒక సాక్షి ఏల మాట తప్పునో, ఒక పేదవాని ఫిర్యాదు ఏ మెట్టుకడ నిలిచిపోవునో వారికి తెలిసినట్లు ఎవరికి తెలియును? గెలిచిన కేసులను మాత్రమేగాక ఓడిన కేసులనుకూడ చెప్పుడు. ఎవనిని అనవసరముగ అనుమానించితిరో వాని మాటకూడ చెప్పుడు. న్యాయస్థానము విడిచిపెట్టినవానిని కథలో మరల బోనెక్కింపకుడు. మానభంగమునకు గుఱియైన అబల పేరు వెల్లడించుట చట్టము ప్రకారమే నేరము. చట్టము నోరెత్తని చోటులందును బాధితుల యిల్లు వీథిలో పెట్టకుడు. చిన్న ఊరిలో పేరు మార్చినంతమాత్రమున మనిషి దాగడు. వీధి పేరు, వృత్తి చెప్పినచో ఊరంతయు గుర్తుపట్టును.

వినువారికిని ఒక మాట. కథ ఎంత చక్కగా అమరినదో అంత జాగ్రత్తగా వినుడు. లోకమున నిజములు అంత చక్కగా అమరియుండవు. ప్రతి కథ చివరను మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఈ సంగతి చూచినవాడెవడు? ముద్దాయి నోటినుండి వచ్చినదిగాక వేఱు ఆధారమేమున్నది? ఇందు అనుమానింపబడి విడువబడిన వంటవాడెవడు, వాడిపుడేమైనాడు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల పరిశోధకుని పూలమాలతో గౌరవింపుడు. చెప్పలేనివానిని సగౌరవముగా మరల అడుగుడు.

స్వపరిపాలనము సంపాదించిన ప్రజలకు ఇది అల్పవిషయము కాదు. పరప్రభుత్వ కాలమున పోలీసువాని మాటను సందేహించుట దేశభక్తి యనిపించుకొనెను. నేడు పోలీసులు మనవారే. వారి మాటను పరీక్షించి నమ్ముట పౌరధర్మము. దోషి దొరకనినాడు ఊరికి ఒక్క అన్యాయమే జరిగినది. నిర్దోషిని పట్టి దోషి యనినాడు రెండు అన్యాయములు జరిగినవి. ఒకటి చెఱలోనున్న నిర్దోషికి. రెండవది నిజమైన దోషి తలుపు దగ్గఱనే తిరుగుచుండగా నిశ్చింతగా నిద్రించుచున్న ఊరికి.