ఆకాశానికీ గేట్లున్నాయి గురూ!

సినిమాల్లో హీరోగారి అమెరికా ప్రయాణం ఎంత సులువు! చిత్తూరులో అమ్మ కాళ్ళకు దండం పెడతాడు, ఆకాశంలో ఓ విమానం కనబడుతుంది, మరుసటి షాట్‌లో న్యూయార్క్! మధ్యలో ఏయే దేశాల మీదుగా వెళ్ళాడో డైరెక్టరుకీ పట్టదు, మనకీ పట్టదు. అసలు కథంతా అక్కడే ఉంది.

ఏ దేశం మీది ఆకాశం ఆ దేశానిదేనని 1944 నాటి చికాగో ఒప్పందంలోనే రాసుకున్నారు. తగాదా వస్తే తలుపు మూసేస్తారు. ‘ఆర్.ఆర్.ఆర్.’లో ‘నాటు నాటు’ గుర్తుందిగా? 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, అధ్యక్ష భవనం ముందు తీశారు. ఆరు నెలలకే, 2022 ఫిబ్రవరి 24న, యుద్ధంతో అక్కడి ఆకాశం మూతపడింది. మనవాళ్ళను తేవడానికి బయల్దేరిన ఎయిరిండియా విమానం దారిలోనే వెనక్కి తిరిగింది. అక్కడ డాక్టరీ చదువుతున్న మన పిల్లలు రైళ్ళలో, బస్సుల్లో, కాలినడకన సరిహద్దులు దాటి రుమేనియా, హంగరీ, పోలండ్‌లలో విమానం ఎక్కాల్సి వచ్చింది.

అది యుద్ధభూమి అంటారా? మన పక్కింటి సంగతి చూడండి. పహల్గాం దాడి తర్వాత, 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు ఆకాశం మూసింది. 30న మనమూ వాళ్ళకి మూశాం. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిరిండియా విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగాయి. చుట్టంటే వట్టి ఆలస్యమే కాదు. దూరం పెరిగితే ఇంధనం ఎక్కువ కావాలి. ఆ ఇంధనం బరువు మోయడానికి మరికొంత ఇంధనం! బరువు హద్దు దాటితే మనుషులనో, సరుకులనో తగ్గించాలి. లేదా దారిలో దిగి నింపుకోవాలి. అందుకే కొన్ని విమానాలు వియన్నాలోనో, కోపెన్‌హాగెన్‌లోనో ఆగాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసునే ఆపేశారు. విమానాల కొరత ఒక కారణం, మూసిన ఆకాశం రెండోది.

"గల్ఫ్ మీదుగా పోతే సరి" అంటారా? 2025 జూన్ 23న కతార్ కొన్ని గంటలు ఆకాశం మూసేసరికి, దోహాలో దిగాల్సిన విమానాలు ఎక్కడెక్కడో దిగాయి.

చిత్తూరు వాళ్ళం మద్రాసుకో బెంగుళూరుకో పోయి విమానం ఎక్కేవాళ్ళం. అమెరికాలో మనవణ్ణి చూడబోయే అవ్వకి టిక్కెట్టు కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. ఎక్కడెక్కడ ఆగుతుంది, విమానం మారడానికి ఎంత వ్యవధి ఉంది, దారి పొడుగునా ఒకే టిక్కెట్టా - ఇవీ అడగండి. వేర్వేరు టిక్కెట్లయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే వదిలేది మీ చేతి చమురే. ఊరగాయ జాడీ సంగతి ఆ తర్వాత చూద్దురుగాని!