సేవాసంఘములు – ధనసమస్య

"ఆరంభశూరులు ఆంధ్రులు" అను అపవాదమును మనమే పుట్టించుకొంటిమి. మనమే దానిని తరతరములుగా పోషించుకొనుచున్నాము. ఇతర విషయముల మాట యెట్లున్నను, గ్రామములలోను పట్టణములలోను ఏటేట పుట్టుచున్న సేవాసంఘముల విషయమున ఈ అపవాదము చాలవరకు నిజమనియే చెప్పక తప్పదు. సంఘము పుట్టిననాడు పందిళ్లు, మేళతాళములు, పూలదండలు, నిలువెత్తు చిత్రపటములు. ఆరుమాసములు గడచునప్పటికి సమావేశమునకు వచ్చువారు సగమగుదురు. ఏడాది తిరుగునప్పటికి కార్యదర్శియు కోశాధికారియు మాత్రమే మిగులుదురు. మరియొక యేడాదికి వారిరువురకును మాటలుండవు. సంఘము చచ్చినదని యెవరును ప్రకటింపరు. దాని పేరు వ్రాసిన బల్ల మాత్రము ఏదో గోడపై వెలవెలబోవుచుండును.

కారణమేమని యడిగినచో ప్రతివారును "డబ్బు లేదు" అందురు. ఈ సమాధానమును మేము అంగీకరింపజాలము. పెండ్లిండ్లకును, తిరునాళ్లకును, ఎన్నికలకును నీళ్లవలె ధనము వెచ్చించుచున్న సీమలో, ఊరిబడి పిల్లలకు మంచినీటి తొట్టి కట్టించుటకు ధనము లేదనుట నమ్మదగిన మాట కాదు. లేనిది ధనము కాదు, క్రమము. ధనము వచ్చు త్రోవయందును క్రమము లేదు. పోవు త్రోవయందును క్రమము లేదు. క్రమము లేనిచోట నమ్మకము నిలువదు. నమ్మకము పోయినపిమ్మట రెండవమారు చేయిచాచినచో ఎవ్వరును కాసు రాల్పరు.

మన పూర్వులకు ధర్మకార్యములు క్రొత్తవి కావు. వారు చెరువులు త్రవ్వించిరి; సత్రములు కట్టించిరి; వాని పోషణకై మాన్యములు వ్రాసి యిచ్చిరి. ఆ యౌదార్యమునకు మనము చేతులెత్తి నమస్కరింపవలసినదే. కాని ఆ పద్ధతిలో ఒక లోపముండెను. ఇచ్చువాడు ఒక్కడు, అనుభవించువారు పదుగురు, అడుగువారు లేరు. దాత కాలము చేసిన పిమ్మట మాన్యమెవరి చేతిలో పడినది, సత్రములో దీపము వెలుగుచున్నదా లేదా అని విచారించు హక్కు ఊరివారికి తమదిగా తోచలేదు. అందుచే మాన్యము మిగిలియు ధర్మము మిగులని చోటులు మన జిల్లాలలో అరుదు కావు.

ఈ లోపమును దిద్దినది మన గ్రంథాలయోద్యమము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. 1918లో వేటపాలెమున యువకులు కూడి నెలకొల్పిన సంఘమే నేటి సారస్వత నికేతనమునకు మూలము. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. 1935లో కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపినవారును మనవారే. సంస్థ ఒకరిది కాదు, ఊరిది. దానిని నిలుపుట ఊరివారి పూచీ అను భావమును తెలుగునాట ఈ యుద్యమము వ్యాపింపజేసెను. ఆరంభశూరత్వము మన జాతిలక్షణమే యైనచో, నూరేండ్లు దాటిన సంస్థ మన మధ్య నిలిచియుండుట యెట్లు?

చందాతో సంఘమును నడుపుటలోని కష్టసుఖములు తెలిసికొనవలెనన్న, గాంధీమహాత్ముడు ఆత్మకథలో వ్రాసిన నేటాలు కాంగ్రెసు వృత్తాంతమును మించిన పాఠము లేదు. దక్షిణాఫ్రికాలోని నేటాలునకు మన తెలుగు జిల్లాలనుండి వేలకొలది కూలీలు ఓడలెక్కి పోయియుండిరి. అచ్చటి భారతీయుల హక్కుల రక్షణకై 1894లో ఆ సంస్థ పుట్టెను. చందా నెలకు అయిదు షిల్లింగులకు తగ్గరాదని నిర్ణయించిరి. గాంధీగారు తాము నెలకొక పౌనిచ్చుటకు ఒప్పుకొనిరి. సభ్యులు ఉత్సాహముతో చేరిరి. కాని చేరినప్పటి యుత్సాహము చెల్లించునప్పుడు కానరాదయ్యెను. డర్బనులోనివారి చుట్టును సైతము పలుమారు తిరుగవలసివచ్చెను. వెలుపలి యూళ్లవారి మాట చెప్పనక్కరలేదు. అందుపై వారు నెలచందాను మాని, సంవత్సరమునకు మూడు పౌన్లకు తగ్గకుండ ముందుగనే చెల్లించు పద్ధతిని పెట్టిరి. వసూలు సులభమయ్యెను.

ఆ రోజులలోనే టోంగాటు అను చోట ఒక గృహస్థునింట ఈ బృందము అతిథులై యుండిరి. ఆయన ఆరు పౌన్లు ఈయగలవాడని అందరును ఎరుగుదురు. ఆయన మూడింటికి మించి ఈయననెను. అది పుచ్చుకొన్నచో తక్కినవారందరును అదే దారి పట్టుదురు. బృందమువారు భోజనము చేయక రాత్రియంతయు కూర్చుండిరి. తెల్లవారుచుండగా గృహస్థు మెత్తబడి, ఆరు పౌన్లు చెల్లించి విందు చేసెను. ఇందులో బలవంతములేదు, దూషణ లేదు. తమకై అడుగుటలేదను నిబ్బరమున్నది. చందా యడుగుటకు సిగ్గుపడు మన కార్యదర్శులు ఈ కథను చదువుకొనవలెను.

అంతకన్న ముఖ్యమైనది లెక్క. వచ్చిన ప్రతి మొత్తమునకును రసీదు ఇచ్చిరి. రసీదు పుస్తకములనైనను అచ్చువేయింపక, గాంధీగారి కచేరీలోనే ప్రతులు తీసి వాడిరి. సరియైన లెక్కలేని సంస్థలో సత్యము నిర్మలముగ నిలువదని ఆయన భావము. శాశ్వతనిధుల విషయమునను ఆయనకు అనుభవము మీదనే అభిప్రాయము కుదిరెను. ప్రజాసంస్థ ప్రజల ఆమోదమువలనను, ఏటేట వారిచ్చు ధనమువలనను బ్రదుకవలెనే గాని, నిలువధనముపై వడ్డీతో బ్రదుకరాదనెను. ప్రజలెప్పుడు ఈయమానిరో అప్పుడా సంస్థ తన్ను తాను పరీక్షించుకొనవలెను. మాన్యముల కథ ఎరిగిన మనకు ఈ మాటలోని సారము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక నేటి స్థితికి వత్తము. సంఘమునకు రెండు సంచులుండవలెను. ఒకటి నిర్వహణ సంచి. రెండవది సేవ సంచి. గది అద్దె, కాగితములు, ఆడిటరు వేతనము, సమావేశమున కాఫీ ఫలహారములు – ఇవన్నియు సభ్యుల చందానుండియే జరుగవలెను. ప్రజలయొద్ద సేవకని యెత్తిన ధనములో ఒక్క రూపాయియైనను మొదటి సంచిలో పడరాదు. ఇది మేము కల్పించిన నియమము కాదు. 1917లో పుట్టి ప్రపంచమంతట వ్యాపించిన లయన్సు క్లబ్బులవారు ప్రజాధనమును నిర్వహణకు వాడరాదని వేరువేరు లెక్కలు ఉంచుదురు. దాత ఇచ్చిన రూపాయి రోగి కంటికే చేరినదని చెప్పగల సంఘము మరునాడు పదిరూపాయలు అడుగగలదు.

ఒక లెక్క వేసి చూతము. ఒక పట్టణమున నలువదిమంది సభ్యులు నెలకు 250 రూపాయల చొప్పున ఇచ్చుచున్నారనుకొందము. సంవత్సరమునకు 1,20,000 రూపాయలగును. నిర్వహణకు 30,000 పోగా 90,000 మిగులును. ఒక్కొక్క బీదవిద్యార్థికి 3,000 రూపాయల పుస్తకములు, పరీక్ష రుసుములు ఇచ్చినచో ముప్పదిమంది చదువు నిలుచును. ఇప్పుడు సభ్యులలో సగముమంది చందా ఎగవేసిరనుకొందము. వచ్చునది 60,000. గది అద్దె సగము తగ్గదు. ఆడిటరు సగము పుచ్చుకొనడు. నిర్వహణకు 30,000 పోక తప్పదు. మిగిలిన 30,000తో పదిమందికే సాయము జరుగును. చందా సగము తగ్గగా సేవ మూడవవంతుకు దిగజారినది! తన 250 రూపాయలు ఈయకున్న మునిగినదేమియని తలచు సభ్యుడు, తన వంతుగ ఏ పిల్లవాని పుస్తకము లాగికొనుచున్నాడో ఆలోచింపవలెను.

చందా వసూలునకు కాలమెరిగి యుండవలెను. ఉద్యోగికి నెల మొదటివారము అనుకూలము. వర్తకునకు సంవత్సరారంభము. రైతునకు పంట యింటికి వచ్చు సంక్రాంతి దినములు. నాట్ల వేళ రైతునింటికి పోయి చందా యడుగుట, వాన కురియుచుండగా కల్లము ఊడ్చుటవంటిది. రూపాయలకు బదులు బస్తా ధాన్యము నిచ్చెదనన్న రైతును వెనుకకు పంపరాదు. అమ్మిన ధరను రసీదుపై వ్రాసి ఆయనకు ఈయవలెను.

భూస్వాములగు మా పాఠకులతో ఒక మాట. మీరు ఉదారులు, ఊరిలో ఏ కార్యమైనను మీ గుమ్మము ముందే మొదలగును. కాని ఒక్కరి దానముతో నడచు సంఘము ఆ యొక్కరి సంఘమే యగును. ఆయన కోపించిననాడు తలుపులు మూయవలసివచ్చును. ఆయన ఎన్నికలలో నిలిచిననాడు జెండా మోయవలసివచ్చును. కావున ఏ యొక్కరి ధనమును సంఘము సంవత్సరాదాయములో నాలుగవవంతును మించకుండుట మేలని మా యభిప్రాయము. ఎక్కువ ఈయదలచిన దాత, తాను వేయి యిచ్చుటకు మారుగ పదిమందిచేత నూరేసి యిప్పించినచో సంఘమునకు ధనముతోపాటు పదిమంది యజమానులు దొరకుదురు. ఇచ్చిన దానములో శాలువకును సన్మానసభకును పోవు భాగమును దాతయే వలదనవలెను. తన పేరు గోడపై చెక్కుటకైన వెచ్చముతో ఎందరికి కంటిమందు దొరకెడిదో ఆలోచించు దాత నిజమైన దాత.

చట్టమును నిర్లక్ష్యము చేసి పాడైన సంఘములును కలవు. రెండు తెలుగు రాష్ట్రములందును 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద ఏడుగురు కూడినచో సంఘమును నమోదు చేయించుకొనవచ్చును. సంఘము పేరనే బ్యాంకు ఖాతా యుండవలెను. ఇరువురి సంతకములేనిదే ధనము కదలరాదు. కార్యదర్శి సొంత ఖాతాలో చందాలు వేయించుట, ఆయన ఎంత సజ్జనుడైనను, ఆయనకే అపాయము. దానముపై ఆదాయపు పన్ను రాయితీ పొందవలెనన్న సంఘమునకు ఆ శాఖవారి అనుమతి యుండవలెను. 2,000 రూపాయలకు మించిన దానమును నగదుగ ఇచ్చినవారికి ఆ రాయితీ లేదు. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు సాంఘిక కార్యములకు వెచ్చింపవలెను. కాని నమోదులేని, ఆడిటులేని సంఘము ఆ గుమ్మమెక్కజాలదు.

విదేశముల నుండి వచ్చు ధనము విషయమున మరింత జాగ్రత్త వలయును. మన యూరి బిడ్డలు అనేకులు అమెరికాలోను ఇతర దేశములలోను ఉండి జన్మభూమికి సాయము చేయ ముచ్చటపడుచున్నారు. వారు భారత పౌరులుగనే యుండి తమ సంపాదనలోనుండి బ్యాంకు ద్వారా పంపినచో చిక్కులేదు. అచ్చటి పౌరసత్వము పుచ్చుకొన్నవారు పంపునది చట్టముదృష్టిలో విదేశీ విరాళము. కేంద్రప్రభుత్వపు అనుమతిలేక దానిని స్వీకరించుట నేరము. వారు మన మేనల్లుళ్లే యైనను చట్టము చుట్టరికమును చూడదు.

ధనమును కూర్చుట నేర్చిన పిమ్మట దేనికి వెచ్చింపవలెనను ప్రశ్న వచ్చును. ఒకనాడు మొక్కలు నాటి, మరునాడు పండ్లు పంచి, మూడవనాడు ఛాయాచిత్రము తీయించుకొనుట సేవ కాదు. ఒక పని చేపట్టి తుదముట్ట సాగింపవలెను. రోటరీవారి నిధికి 1917లో తొలిగ వచ్చిన విరాళము ఇరువదియారున్నర డాలర్లు మాత్రమే. ఆ సంస్థ 1985లో పోలియో నిర్మూలనమును పూనుకొనెను. ప్రభుత్వములును, వైద్యులును, ఇల్లిల్లు తిరిగిన కార్యకర్తలును దానితో కలిసి పాటుపడిరి. మన దేశమున సహజ పోలియో సోకిన చివరి బిడ్డ 2011 జనవరిలో కనబడెను. 2014లో మనము ఆ వ్యాధినుండి విముక్తులమైతిమని నిర్ధారణ జరిగెను. దాదాపు ముప్పదియేండ్లు ఒకే పనిని పట్టుకొని వ్రేలాడినందులకు ఫలమిది. మన యూరి సంఘము ప్రపంచమును ఉద్ధరింపనక్కరలేదు. ఊరిలో శుక్లము వచ్చిన ముసలివారిలో ఒక్కరును చూపులేక మిగులరాదని పదియేండ్లు పట్టుబట్టిన చాలును.

ఆపత్సమయమున ఈ క్రమశిక్షణకు పరీక్ష వచ్చును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలైన పేటలను ముంచినపుడు, జనులు రోజులతరబడి నీటిలో చిక్కుకొనిరి. అట్టివేళ అన్నము వండువారెవరు, పడవలు ఎచ్చట దొరకును, ఏ వీథిలో మంచముపట్టిన రోగులున్నారు అను వివరములు ముందుగ వ్రాసిపెట్టుకొన్న సంఘమునకు ఒక గంటలో పని మొదలగును. ఆనాడు పుట్టిన సంఘమునకు పేరు పెట్టుటకే ఒక దినము పట్టును. అంతేకాదు. నిరుటి వరదకు ఎత్తిన చందాలకు లెక్క చెప్పనివాడు ఈయేటి వరదకు అడిగినచో, నష్టపోవునది వాడు కాదు. నీటిలో నిలుచున్న బీదవాడు.

సంఘమును నడుపుట చిన్నపని యని యెంచరాదు. నలువదిమంది కూడి, తమలో ఒకనిని ఎన్నుకొని, కాలము తీరగనే అతనిని దింపి, భేదాభిప్రాయములను ఓర్చుకొని, పైసపైసకు లెక్క చెప్పుకొనుటయే స్వపరిపాలన. స్వరాజ్యము 1947లో వచ్చినది. దానిని నిలుపుకొను నేర్పు మాత్రము ప్రతి తరమును తన యూరిలోనే నేర్చుకొనవలెను. కులమును బట్టి సభ్యుని, పార్టీని బట్టి రోగిని ఎంచు సంఘము ఆ పాఠశాలలో ఓనమాలవద్దనే తప్పినది. స్త్రీలను వేదికపై దీపము వెలిగించుటకు మాత్రమే పిలిచి కోశాగారమునకు దూరముంచునదియు అట్టిదే. ఇల్లు గడుపుటలో ఆరితేరిన చేతులకు సంఘపు లెక్కలు ఒక లెక్కా?

కావున మా సూచన యొక్కటి. మీ యూరి సంఘము ఈ సంవత్సరము క్రొత్త కార్యమేదియు చేపట్టకున్నను సరే. వచ్చిన రాబడిని, అయిన ఖర్చును, చందా బాకీయున్న సభ్యుల పేర్లను ఒక కాగితముపై వ్రాసి, అధ్యక్షుని పేరుతోనే జాబితా మొదలు కావలసివచ్చినను వెనుదీయక, గ్రంథాలయము గోడకు అంటింపుడు. వచ్చు సంవత్సరము చందా అడుగవలసిన పని సగము తగ్గును. ఆరంభశూరులమను మాటను తుడిచివేయుటకు ఆ కాగితమొక్కటి చాలును.