టైమరు నీళ్ళు పోసింది, గులాబీలు పోయాయి

మనవాళ్ళకో జబ్బుంది. ఏ పనైనా రెండుసార్లు చేశామంటే మూడోసారికి స్క్రిప్టు రాసి పడేయాలి. ఆఫీసులో దానికి మంచి రేటింగు కూడా వస్తుంది. ఆ జబ్బుని నేను కొత్తపేట పక్కనున్న మా పలివెల దాకా మోసుకెళ్ళాను. ఆ కథే ఈ టపా.

మా ఊరి శివుడు ఉమా కొప్పులింగేశ్వరుడు. దేవుడికే కొప్పున్న ఊళ్ళో పూలమొక్క లేని పెరడు ఉంటుందా? అమ్మకి నూతి దగ్గర ఒక నాటు గులాబీ ఉండేది. రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోసేది. నాన్న పోయాక ఒక్కతే ఉంటోంది, పైగా మోకాళ్ళ నొప్పులు. సరే, నేనున్నానుగా!

రెండేళ్ళ కిందట సంక్రాంతికి వెళ్ళినప్పుడు, జొన్నాడ బ్రిడ్జి దాటి కడియపులంక నర్సరీల్లో పది అంటు గులాబీలు కొన్నాను. కొబ్బరిచెట్ల నీడ పడని చోటు వెతికి మరీ నాటాను. గులాబీకి కనీసం ఆరు గంటల ఎండ కావాలని చదివాన్లెండి. డ్రిప్పు పైపులు, టైమరు బిగించాను. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. ఇంక అమ్మ వంగక్కర్లేదు. హైదరాబాద్ బస్సులో నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఎండాకాలం దాకా బాగానే పూశాయి. వానలు మొదలయ్యాయి. టైమరుకి వానేం తెలుసు? దాని పని అది చేసుకుపోయింది. మాది నీళ్ళు ఇంకని బంకమన్ను. వేళ్ళు కుళ్ళాయి, ఆకుల మీద నల్లమచ్చలొచ్చి రాలిపోయాయి. దసరాకి వెళ్ళేసరికి ఆరు మొక్కలు పోయాయి. రెండు మాత్రం ఏపుగా పెరిగాయి కానీ ఒక్క మొగ్గా లేదు. చూస్తే, అంటు కట్టిన చోటుకి కింద నుంచి వచ్చిన కొమ్మలవి. పైన కట్టిన గులాబీ ఎప్పుడో ఎండిపోయింది. సర్వర్ నడుస్తోంది, అప్లికేషన్ లేదు!

"చూసుకోలేదా అమ్మా?" అన్నాను.

"నీళ్ళు ఆ డబ్బా పోస్తోందిగా, ఇంక అటు వెళ్ళడం మానేశానురా" అంది.

అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. చెంబుతో వెళ్ళినప్పుడు అమ్మ మన్ను ముట్టుకుని చూసేది. మచ్చపడిన ఆకు తుంచేది, వాడిన పువ్వు కోసేది. గోడవతల నుంచి "అత్తయ్యగారూ, ఒక పువ్వివ్వరూ" అని ఎవరో పిలిచేవారు, ఓ పావుగంట కబుర్లు. నా టైమరు ఇవన్నీ కలిపి పీకేసింది.

మాయిశ్చర్ సెన్సర్ పెడితే సరిపోయేదిగా అంటారు మీరు. తాళం వేసిన ఇంటికైతే నిజమే, పెట్టుకోండి. మనిషి ఉన్న ఇంట్లో నా అభిప్రాయం వేరు: బరువు తగ్గించండి, పని లాక్కోకండి.

ఈసారి అదే చేశాను. కూలిమనిషిని పెట్టి అడుగు ఎత్తున మట్టికట్ట వేయించాను. మన్నులో ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపించాను. అంటు కట్టిన చోటు నేలకి పైనే ఉంచాం. కుళాయి మొక్కల పక్కకి తెచ్చి పైపు తగిలించాను. మిగతాది అమ్మ చేతిలోనే. పైమన్ను ఆరితేనే, అదీ పొద్దున్నే, ఆకులు తడవకుండా మొదట్లో నీళ్ళు. అంటు కింద చిగురొస్తే మొదలంటా పీకెయ్యడం. రాలిన మచ్చాకులు ఏరి దూరంగా పారెయ్యడం. వానలు తగ్గాక ఎండుకొమ్మల్ని పచ్చి కనబడేదాకా కత్తిరించడం.

కొత్తవి నాలుగే మొక్కలు. ఇప్పుడు ఫోన్ చేస్తే మోకాళ్ళ సంగతి రెండోది, ఏ మొక్క ఎన్ని మొగ్గలేసిందో మొదటిది. నూతి దగ్గర నాటు గులాబీ మాత్రం ఇన్నాళ్ళూ చెక్కుచెదరలేదు. దానికి నేను పైపు వెయ్యలేదు మరి.

మీ ఊళ్ళో పెద్దవాళ్ళకి మీరు అమర్చిన సదుపాయాలు కొన్ని ఉండే ఉంటాయి. అవి వచ్చాక వాళ్ళు ఏం మానేశారో ఈసారి ఫోన్లో ఒకసారి అడిగి చూడండి.